లెమన్ అండ్ స్పూన్ రేస్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లెమన్ అండ్ స్పూన్ రేస్ గారి సముఖానికి,

విజయనగరంలో ఒక కాలనీలో ఉండే ఒకావిడ నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు క్షేమమా అని అడగనక్కర్లేదు, మీకేం లోటు? సంక్రాంతికి మీరే, రిపబ్లిక్ డేకి మీరే, మార్చి 8కి మీరే, కార్తీకంలో పిక్నిక్‌కీ మీరే. ప్రభుత్వాలు మారాయి. 2022లో జిల్లాని కోసి పార్వతీపురం వైపు వాళ్లకి వేరే జిల్లా ఇచ్చేశారు. కలెక్టర్లు వస్తున్నారు, బదిలీ మీద పోతున్నారు. మీరు మాత్రం నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని ఉన్న చోటే ఉన్నారు. గట్టిగా కదిలితే పడిపోతుంది కదా, పాపం.

మా కాలనీ సంఘం పండక్కి వేసే పాంప్లెట్‌లో ఏటా రెండు వరసలుంటాయి. పురుషులకు: వంద మీటర్ల పరుగు, వాలీబాల్, షటిల్, స్లో సైకిల్, తాడు లాగుడు. మహిళలకు: ముగ్గులు, మ్యూజికల్ చైర్స్, లెమన్ అండ్ స్పూన్. ముగ్గుల పోటీ గారి మీద నాకు కోపం లేదు, ఆవిడది కళ. కుర్చీలాట గారి సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఆ వరసలో 'రేస్' అని పేరు పెట్టుకుని తిరుగుతున్నది మీరొక్కరే కాబట్టి ఉత్తరం మీకే రాయాల్సి వచ్చింది.

పరిగెత్తినవాళ్లు ఓడిపోయే పరుగు పందెం మీది. (ఒలింపిక్స్‌లో నడక పోటీలున్నాయి, అక్కడా పరిగెత్తకూడదు, నాకు తెలుసు. కానీ వాళ్ల నోట్లో చెంచా ఉండదు.) పైగా నోట్లో చెంచా ఉంటుంది కాబట్టి పందెం అయ్యేదాకా ఒక్కరూ మాట్లాడలేరు. ఇది ఎవరు కనిపెట్టారో గానీ చాలా ముందుచూపున్న మనిషి. గెలిచినవాళ్లకి స్టీలు డబ్బా. మగవాళ్ల వంద మీటర్లకి కప్పు, దాంతోపాటు కవర్లో డబ్బులు. నా దగ్గరా మీ డబ్బా ఒకటి ఉంది, అందులో పోపు గింజలు పోశాను. మూత సరిగ్గా పట్టదు.

మాకూ పరుగు పెట్టండి అని సంఘం పెద్దలని అడిగాం. "ఏటమ్మా, మీకెందుకొచ్చిన పరుగులు? చీర కాళ్లకడ్డం పడి ఎవరైనా పడిపోతే రేపు మీ ఇంట్లోవాళ్లకి ఏటి సమాధానం చెప్తాం?" అన్నారు. కోప్పడలేదు, వెక్కిరించలేదు. ఎంతో ప్రేమగా అన్నారు. ఆ ప్రేమ దగ్గరే నాకు మీ వంశవృక్షం దొరికింది. మీది మామూలు ఇల్లు కాదు, మీ పూర్వీకులు ఒలింపిక్ కమిటీలో కూర్చున్నారు.

1896లో ఏథెన్స్‌లో ఆధునిక ఒలింపిక్స్ మొదలైనప్పుడు ఆడవాళ్లకి ఒక్క పోటీ కూడా లేదు. వాటిని పుట్టించిన కూబెర్తాన్ దొరగారికి ఆడవాళ్లు మైదానంలో దిగడం బొత్తిగా నచ్చేది కాదు. గెలిచిన మగవాళ్లకి కిరీటం పెట్టడమే ఆడవాళ్ల ముఖ్యమైన పని అని 1935లో కూడా అన్నాడాయన. స్టేజీ పక్కన పట్టుచీర కట్టుకుని, శాలువా, పూలదండ ఉన్న పళ్లెం పట్టుకుని గంటలు గంటలు నిలబడే మా ఆడపిల్లల ఉద్యోగం అంత పాతదని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

ఫ్రాన్స్‌లో ఆలిస్ మిలియా అని ఒకావిడ ఉండేది. పడవ పందేలు వేసే మనిషి. మాకు పరుగులు, గెంతులు పెట్టండి అని ఒలింపిక్ కమిటీని అడిగింది. కుదరదన్నారు. ఆవిడ కూర్చుని ఏడవలేదు, ముగ్గులకి పేరూ ఇవ్వలేదు. 1921లో మహిళల అంతర్జాతీయ సమాఖ్య పెట్టింది, 1922లో పారిస్‌లో 'మహిళల ఒలింపిక్స్' అనే పేరుతో సొంతంగా ఆటలు జరిపించింది. ఒక్క రోజులో పదకొండు పోటీలు, అందులో 1000 మీటర్ల పరుగు కూడా ఉంది. అప్పుడు కదిలారు పెద్దలు. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి కాదు, ఒలింపిక్స్ అనే పేరు వాడుకుంటున్నారని! ఆ పేరు మానుకుంటే మా ఆటల్లో మీకూ చోటిస్తాం అని బేరం పెట్టారు. అలా 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో అథ్లెటిక్స్‌లో, అంటే పరుగులు, గెంతులు, విసుర్లలో, మగవాళ్లకి 22 పోటీలుంటే ఆడవాళ్లకి 5 వచ్చాయి: వంద మీటర్లు, 800 మీటర్లు, రిలే, హైజంప్, డిస్కస్. ఈ అయిదు విదిలింపులు మాకొద్దని బ్రిటన్ అమ్మాయిలు అసలు రాలేదు. వాళ్ల పౌరుషానికి ఇక్కణ్ణుంచే ఒక దండం.

ఆ 800 మీటర్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మీరు పుట్టింది అక్కడే. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. జపాన్ అమ్మాయి కినుయే హితోమి రెండోది. వంద మీటర్లలో ఫైనల్‌కి రాలేకపోయిందని, అలవాటు లేని 800లో దిగి మరీ వెండి పతకం పట్టుకెళ్లింది. ఫైనల్లో దిగిన తొమ్మిది మందీ గీత దాటారు. కొందరు దాటాక అలసిపోయి గడ్డి మీద చతికిలబడ్డారు. ప్రాణం పెట్టి పరిగెత్తినవాళ్లు ఆ తర్వాత కూలబడకుండా ఏం చేస్తారు, భరతనాట్యమా? పేపర్ల వాళ్లు మాత్రం సగం దారిలోనే కుప్పకూలిపోయారని, చూడలేకపోయామని, ఘోరమని రాశారు. అంతే, 'అయ్యో, పాపం, సున్నితం' అంటూ 800 మీటర్లు తీసిపారేశారు. మళ్లీ పెట్టింది 1960లో, రోమ్‌లో. ముప్ఫై రెండేళ్లు! ఇదంతా ఆడవాళ్ల మీద జాలితోనే. మా సంఘం పెద్దలకి ఆమ్‌స్టర్‌డామ్ ఎక్కడుందో తెలీదు గానీ, డైలాగు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

దూరం పరిగెత్తితే గర్భసంచి జారిపోతుందని భయపెట్టిన వాళ్లు కూడా ఉన్నారు. ఈ భయం మా జిల్లాలకి రాలేదు, అదే ఆశ్చర్యం. పొద్దుగుంకేదాకా బురదలో నడుం వంచి నాట్లు వేసినప్పుడు, తీరం నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగినప్పుడు, పలాసలో జీడిపిక్కల ముందు రోజంతా కూర్చున్నప్పుడు ఏ పెద్దమనిషీ వచ్చి "అమ్మా, గర్భసంచి జాగ్రత్త" అన్న దాఖలా లేదు. సున్నం గీత గీసి విజిల్ ఊదితేనే అది జారుతుంది కాబోలు.

మిగతా కథ కొసరి కొసరి వడ్డించడమే. 200 మీటర్లు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ 1948లో. 400 మీటర్లు 1964లో. 1500 మీటర్లు 1972లో. మారథాన్ 1984లో, అంటే మగవాళ్ల తర్వాత 88 ఏళ్లకి. 10,000 మీటర్లు 1988లో. నడక పోటీ 1992లో. ఇది చదివి మా వీధికి చేపలు తెచ్చే అప్పకి చెబితే "నడకకి కూడా పరిమిషనా?" అంది. ట్రిపుల్ జంప్ 1996లో, పోల్‌వాల్ట్, హ్యామర్ త్రో 2000లో, 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ (అడ్డుకర్రలు, నీటిగుంట దాటుకుంటూ పరిగెత్తేది) 2008లో.

ఇందులో నాకు ఆనందంగానూ, ఒళ్లుమంటగానూ ఉన్న సంగతి ఒకటి చెప్తాను. 400 మీటర్ల హర్డిల్స్ మగవాళ్లకి 1900 నుంచీ ఉంది. ఆడవాళ్లకి మొదటిసారి పెట్టింది 1984 లాస్ ఏంజెలెస్‌లో. పెట్టిన మొదటిసారే మన పి.టి. ఉష నాలుగోది. మూడో స్థానం 55.41 సెకన్లు, ఉష 55.42. సెకనులో వందో వంతు! మొరాకో నుంచి వచ్చిన నవాల్ ఎల్ ముతవకిల్ బంగారం కొట్టింది. తలుపు తీయగానే లోపలికొచ్చింది ఎవరో చూడండి, కేరళ పిల్ల, మొరాకో పిల్ల.

వెయిట్‌లిఫ్టింగ్ మైదానం ఆట కాకపోయినా ఇక్కడ చెప్పకపోతే మా శ్రీకాకుళం వాళ్లు ఊరుకోరు. ఒలింపిక్స్‌లో మగవాళ్లు బరువులెత్తడం 1896లోనే మొదలైంది. ఆడవాళ్లకి 2000లో సిడ్నీలో. ఆ మొదటిసారే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. కోడి రామ్మూర్తి నాయుడు గారు గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నారని తాతలు చెప్పుకునే నేల మాది, బలం మాకు కొత్త కాదు. పాంప్లెట్‌లో ఆ వరస లేదు, అంతే. ఇంకో ఎనిమిదేళ్లు ఆలస్యం చేసి ఉంటే ఆ పతకం ఏమయ్యేదో మీరే ఆలోచించండి. ఊసవానిపేటకి స్టీలు డబ్బా వచ్చేది.

స్టీపుల్‌చేజ్ కూడా అంతే. మగవాళ్లది ఎప్పటిదో, మనది 2008. రెండు ఒలింపిక్స్ తిరిగేసరికి, 2016 రియోలో లలితా బాబర్ అందులో ఫైనల్‌కి వెళ్లి పదో స్థానంలో నిలిచింది. ఉష తర్వాత మన దేశం నుంచి ట్రాక్ మీద వ్యక్తిగత పోటీలో ఒలింపిక్ ఫైనల్ చేరిన మహిళ ఆవిడే. ఇక మా పక్కన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లోనూ 2025లోనూ ఆసియా ఛాంపియన్. ఆ పోటీలో మన దేశం నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి అమ్మాయి కూడా తనే. దారిలో పది అడ్డంకులు నిలబెట్టినా 13 సెకన్లలోపు దాటేస్తుంది. చీర కాళ్లకడ్డం పడుతుందన్న భయం ఉన్నవాళ్లు ఆ అమ్మాయి వీడియో ఒకటి చూడాలి. లాగూ వేసుకోవచ్చన్న సంగతి కూడా తెలుస్తుంది.

2024 పారిస్‌కి అథ్లెటిక్స్ పోటీల లెక్క సమానమైంది. మగవాళ్లకి 23, ఆడవాళ్లకి 23, కలిపి ఆడేవి 2. చప్పట్లు కొట్టేముందు ఒక్క మాట: మన 23 అనేది 2008 నుంచీ ఉన్నదే. మగవాళ్లది 24 ఉంటే, అందులో 50 కిలోమీటర్ల నడక తీసేశారు, సమానం అయిపోయింది. మనకి మెట్టు కట్టలేదు, వాళ్ల మెట్టొకటి తవ్వారు. అదీగాక మగవాళ్లకి పది అంశాల డెకాథ్లాన్, మనకి ఇంకా ఏడు అంశాల హెప్టాథ్లాన్. ఆ మూడూ చేస్తే ఏమవుతుందని భయమో, ఏ అవయవం జారుతుందో, ఇంకా చెప్పలేదు.

ఒక్క విషయంలో మీరు వాళ్ల కన్నా నయం, ఒప్పుకుంటాను. మీ గీత దగ్గర ఎవరూ ఆడదానివేనా అని సర్టిఫికెట్ అడగరు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడి పరుగుల పిల్ల ద్యుతీ చంద్‌ని 2014లో ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఎక్కువుందని పోటీలకి దూరం పెట్టారు. ఆ పిల్ల స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానందాకా వెళ్లి 2015లో గెలిచి, 2018 ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. 2025 టోక్యో ప్రపంచ పోటీల నుంచి మహిళల విభాగంలో దిగాలంటే జన్యు పరీక్ష చేయించుకోవాలి. వరసలు పెరిగేకొద్దీ గుమ్మం దగ్గర కాపలా కూడా పెరుగుతోంది. మీ దగ్గర ఆ గొడవ లేదు. నిమ్మకాయ మోసేవాళ్ల మీద ఎవరికీ అనుమానాలు రావు మరి.

ఇప్పుడు అసలు విన్నపం. మీరు మానేయమని నేననడం లేదు. మీకు అలవాటైన ప్రాణం, ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేరు. మగవాళ్ల వరసలోకి బదిలీ అవ్వండి, అంతే. మా సంఘం ప్రెసిడెంటు గారు నోట్లో చెంచా పెట్టుకుని పది నిమిషాలు మౌనంగా నడిస్తే చూడాలని కాలనీలో చాలామందికి కోరికగా ఉంది. ఆయన భార్యకి మరీనూ. స్టీలు డబ్బాలు కూడా వాళ్లకే ఇవ్వండి, వంటింటి మీద కాస్త ధ్యాస కలుగుతుంది.

మీరు ఖాళీ చేసిన చోట మేం 800 మీటర్లు పెట్టుకుంటున్నాం. ఎవర్నీ అడగడం లేదు, మిలియా గారి పద్ధతి. సున్నం మాదే, విజిల్ మాదే. మా వదిన హైస్కూల్లో పీఈటీ టీచరు, టేపు పెట్టి దూరం కొలిచింది. కానిస్టేబుల్ సెలక్షన్లకని తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు చేసే డిగ్రీ పిల్లలున్నారు, చేపల అప్ప ఉంది, ఏఎన్‌ఎం ఉంది, మోకాళ్ల నొప్పులున్నా పేరిచ్చిన మా పెద్దత్తగారున్నారు. కప్పు చందాలతో కొన్నాం.

సంగతి తెలిసి సంఘం సెక్రటరీ గారు పరుగెత్తుకుంటూ వచ్చారు (ఆయనకి పరుగు నిషేధం లేదు కదా). పరుగు పెట్టుకుంటే పెట్టుకోండి గానీ, ఎవరైనా పడిపోతే ఇబ్బంది, గీత పక్కనే అంబులెన్సు ఉంచాల్సిందే అని పట్టుబట్టారు. మేం వద్దనలేదు. పిలిపించండి, కానీ తీసుకెళ్లి మీ తాడు లాగుడు దగ్గర నిలబెట్టండి అన్నాం. పోయిన సంక్రాంతికి నడుం పట్టేసి మంచాలెక్కినవాళ్లంతా అటువైపు వాళ్లే.

ఇట్లు,
మీ మాజీ విజేత