కాఫీ గింజల వేపులో తేడా సంగతేంటి?

కాఫీ పొడి మీద పరారుణ కాంతి పడితే చాలు, కల్తీ క్షణాల్లో బయటపడుతుందని మీ వ్యాసంలో రాశారు. రసాయనాలు అక్కర్లేదన్నది నిజమే. కానీ “ఇందులో చికోరీ ఉంది” అని యంత్రం తనంతట తాను చెప్పదండీ. ఏ తరంగాల కాంతిని పొడి ఎంత పీల్చుకుందో ఒక గీతగా గీసి చూపుతుంది, అంతే. కాఫీలో నూనె ఎక్కువ కాబట్టి సెంటీమీటరుకు 1745 తరంగాల దగ్గర ఆ గీతలో ఒక శిఖరం నిటారుగా లేస్తుంది. చికోరీలో గానీ బార్లీలో గానీ అంత నూనె ఉండదు, పిండిపదార్థాలే ఎక్కువ. అవి కలిసేకొద్దీ ఈ శిఖరం కుంగి, 1000–1150 మధ్య గీత ఉబ్బుతుంది. కల్తీ కొద్దిగానే ఉంటే ఆ మార్పు కంటికి ఆనదు. అందుకే గణాంక పద్ధతులు కావాలి, వాటికి ముందుగా స్వచ్ఛమైన పొడినీ, కల్తీ పొడినీ చూపించి నేర్పాలి.

అసలు చిక్కు వేపుతోనే. ఒకే సంచిలోని గింజల్ని లేతగా కొన్ని, నల్లబడేదాకా కొన్ని వేయించి ల్యాబ్‌లో పెట్టి చూశాను. రెండూ స్వచ్ఛమైనవే, అయినా గీతలు కలవలేదు! పొడి బరకగా ఉన్నా, చెమ్మ పట్టినా అంతే. లేత వేపుతో మాత్రమే నేర్చుకున్న గణాంక పద్ధతి ముదురు వేపు పొడిని చూసి కల్తీ అనేస్తే, నిజాయితీగా అమ్మేవాడు దోషి అవుతాడు. నేర్పని కల్తీ ఎదురైతే పోల్చుకోలేకపోవచ్చు కూడా. ఎన్ని రకాల గింజలతో, ఎన్ని వేపులతో పరీక్షించారో వ్యాసంలో తప్పకుండా చేర్చండి.