ఎర్ర మాంసం ఒక్కటే చూస్తే సరిపోదు

కాకినాడ గుల్లలపై రాసిన ఒక వ్యాసంలో ‘లోపల మాంసం ఎర్రగా ఉంటే బ్లడ్ క్లామ్ (అనడారా గ్రనోసా అనే గుల్ల)’ అన్నారు. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. గ్రనోసాయే కాదు, అనడారా కోవలోని చాలా జాతుల్లో అది ఉంటుంది కాబట్టి గ్రనోసాను తేల్చడానికి పనికిరాదు. చిప్పే చూడాలి.

ముందు ముక్కు (కీలు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే కొన) నుంచి అంచుకు దిగే గట్లు లెక్కపెట్టండి. గ్రనోసాకు సుమారు 15 నుంచి 20, వెడల్పుగా, వాటిమీద బొడిపెలతో ఉంటాయి. 30 దాటితే అది వేరే జాతి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చిప్పల్లో ముక్కు దగ్గర బొడిపెలు అరిగిపోతాయి, అక్కడ చూసి ‘నున్నగా ఉంది’ అనేస్తారు. అందుకే లోపలి అంచున ఉండే నొక్కులను లెక్కిస్తే నయం. అవి బయటి గట్లకు సరిపోతాయి.

జంట విడిపోని గుల్ల దొరికితే ఇంకా మంచిది. గ్రనోసాలో రెండు చిప్పలూ దాదాపు సమానం. ఎడమది కుడిదాన్ని దాటి అంచు బయటికొస్తే అనడారాలోనే మరో జాతి అయిన ఇనీక్వివాల్విస్‌ను అనుమానించాలి.

రెండు చిప్పలూ కలిసే కీలు సంగతికొస్తే, అనడారాలో తిన్నని గీత వెంట సన్నని పళ్ళు దువ్వెనలా వరుసగా ఉంటాయి. మెరెట్రిక్స్ అనే మరో రకం గుల్లలో ముక్కు కింద మూడు పెద్ద పళ్ళు, పైన గట్లే ఉండవు. ఈ రెండింటినీ కలిపేసేవాళ్ళు తక్కువే. మెరెట్రిక్స్‌ను పేఫియా అనే ఇంకో రకం గుల్లతో కలిపేస్తారు, కానీ పేఫియాపై అంచుకు సమాంతరంగా గీరలుంటాయి.

బురద వదలాలంటే మెత్తని బ్రష్, నీళ్ళు చాలు. వెనిగర్‌లో నానబెట్టొద్దు, సున్నం కరిగి బొడిపెలే పోతాయి. ఒక చిప్పకైనా గోధుమరంగు పైపొర ఉంచండి.