అద్దానికి అవతల ఏదో రోడ్డు ఉందట!

కొత్త కార్లలో తిరిగే సుఖజీవుల తరఫున ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మా ఫిర్యాదు ఒక్కటే. కారు లోపల ఇన్ని భోగాలు అమర్చిపెట్టి, తీరిగ్గా అనుభవిద్దామనుకునే సమయానికి ఎదురుగా ఒక రోడ్డు పరచడం ఏం మర్యాద? సీటు నడుము పిసుకుతుంది. తలుపు అంచున దీపాలు 64 రంగులు మారుస్తాయి. డ్యాష్‌బోర్డు మీద ఇంట్లో టీవీకి ఏమాత్రం తీసిపోని తెర వెలుగుతూ ఉంటుంది. ఇన్నిటి మధ్య మనిషిని కూర్చోబెట్టి, "నువ్వు మాత్రం ముందుకు చూడు" అంటారు. చూస్తే ఏముంది? లారీ వెనక భాగం. దానికున్నవి రెండే రంగులు: బ్రేకు లైటు ఎరుపు, మిగతాదంతా మట్టి.

పాతకాలం తయారీదారులకు ఈ విషయంలో కొంత పాపభీతి ఉండేది. ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడల్ కార్లలో ఏసీ పెట్టింది. దాన్ని పూర్తిగా ఆపాలంటే డ్రైవరు కారు పక్కకు తీసి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్‌కున్న బెల్టు ఊడదీయాలి. వినడానికి మోటుగా ఉంటుంది గానీ, నడుస్తున్న బండిలో ఏసీ ఆపేందుకు చెలగాటమాడే అవకాశమే లేదు.

తర్వాత గుండ్రటి నాబ్‌లు వచ్చాయి. నాబ్‌లో పెద్ద లోపం ఏమిటంటే, దాన్ని చూడకుండా తిప్పేయవచ్చు. చీకట్లో సొంత ఇంటి గడియ దొరికినట్టు వేళ్లకు అది దొరికిపోయేది. ఎంత తిప్పామో కూడా ఆ టిక్కుటిక్కులే చెప్పేవి. ఈ పనిలో కంటికి పాత్ర లేదు. పనిలేని కన్ను ఊరుకుంటుందా? రోడ్డు మీదకు పోయేది. ఈ వృథాను అరికట్టే ప్రయత్నం 1986లోనే జరిగింది. బ్యూక్ రివియేరా కారులో టచ్‌స్క్రీన్ పెట్టి, రేడియో, ఏసీ అన్నీ దానిలోకి తోశారు. ఆ కాలపు కొనుగోలుదారులు రోడ్డు చూడాలన్న మూర్ఖపు పట్టుదల ఉన్నవాళ్లు కావడంతో అది వాళ్లకు నచ్చలేదు, కొన్నేళ్లకే ఆ మోడల్ నుంచి తెరను తీసేశారు. మన తరం అలా కాదు. మనకు నున్నటి గాజుపలక ఇస్తే చాలు, బటన్లు ఏమయ్యాయని ఎవరూ అడగరు.

గాజుపలక గొప్పదనం 2022లో స్వీడన్‌లో రుజువైంది. 'వీ బీలాగరే' అనే కార్ల పత్రిక పదకొండు కొత్త కార్లను, ఒక 2005 నాటి పాత వోల్వోను తీసుకుని, గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించింది. సీటు హీటరు వేయడం, వేడి పెంచడం, రేడియో స్టేషను మార్చడం, తెర వెలుతురు తగ్గించడం లాంటి మామూలు పనులే చేయించింది. బటన్లున్న పాత వోల్వోలో అన్నీ 10 సెకన్లలో తేలిపోయాయి. ఆలోగా బండి పోయిన దూరం 306 మీటర్లు. అన్నిటికన్నా వెనకబడిన కొత్త కారుకు పట్టినది 44.9 సెకన్లు, దూరం 1,372 మీటర్లు. నేను దీన్ని వెనకబడటం అనను. పాత కారువాడికి దక్కింది పది సెకన్ల వినోదం. కొత్త కారువాడికి అంతకు నాలుగు రెట్లు, పైగా కిలోమీటరు దాటిన విహారం.

గిట్టనివాళ్లు లెక్కలు తీస్తారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుందనీ, రెండు సెకన్లు తెర చూస్తే 56 మీటర్లు గుడ్డిగా నడిపినట్టేననీ వాళ్ల బాధ. అమెరికా రహదారి భద్రత సంస్థ కూడా 2013లో తయారీదారులకు సూచనలు రాసింది: ఏ పనికైనా డ్రైవరు చూపు ఒక్క విడతలో రెండు సెకన్లకు మించి రోడ్డు వదలకూడదు, మొత్తం మీద 12 సెకన్లు దాటకూడదు. ఇవి పాటించి తీరాల్సిన నిబంధనలు కావు, సూచనలు మాత్రమే. సూచనలంటే మనకు తెలిసిందే, గౌరవంగా చదివి పక్కన పెడతాం.

వైపర్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. 1903లో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ వైపర్‌కు అమెరికాలో పేటెంటు పొందింది. బండి లోపల ఒక లీవరు, దాన్ని కదిపితే బయట అద్దం తుడుచుకుంటుంది. డ్రైవరు బయటికి చెయ్యి చాపనక్కర్లేదు, దిగనక్కర్లేదు. మరి 117 ఏళ్ల తర్వాత మనం ఎక్కడికి చేరాం? జర్మనీలో ఒకాయన జోరువానలో పోతూ వైపర్ వేగం మార్చబోయాడు. ఆ కారులో అది తెర లోపలి మెనూలో ఉంది. వెతుకుతుండగా బండి రోడ్డు దిగి చెట్లను గుద్దింది. 2020లో కార్ల్స్‌రూ కోర్టు 200 యూరోల జరిమానా, నెల రోజుల డ్రైవింగ్ నిషేధం ఖాయం చేసింది. నడుపుతూ ఫోను చూడటానికీ, కారులో బిగించిన తెర చూడటానికీ చట్టం దృష్టిలో తేడా లేదని తేల్చింది. గమనించండి, తెర లోపల వైపర్ దాచినవాళ్లకు ఏ నిషేధమూ లేదు. వెతికినవాడికే.

యూరప్‌లో కార్లకు భద్రతా స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2026 నుంచి మరీ చాదస్తానికి దిగారు. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్, అత్యవసర ఎస్‌ఓఎస్ పిలుపు, ఈ ఐదింటికీ చేతికి తగిలే మీటలో బటన్లో లేకపోతే అయిదు స్టార్లు రావడం కష్టమట. హారన్‌ను కూడా మెనూలో పెట్టాలన్న ఆశ ఎవరికైనా ఉంటే దానికి గండి పడినట్టే.

తెర వద్దంటే నోటితో చెప్పండి అంటారు, అదీ చూశాం. "చల్లగా చెయ్యి" అంటాడు డ్రైవరు. "చల్లా గారికి ఫోన్ చేస్తున్నాను" అంటుంది కారు. "వద్దు, వద్దు, ఆపు!" అంటే పాట ఆగిపోతుంది. అవతల చల్లా గారు ఫోనెత్తి క్షేమసమాచారాలు మొదలుపెడతారు. ఇంత జరిగినా కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి కాబట్టి సురక్షితమేనని మా వాదన. 2015లో అమెరికాలో వాహనదారుల సంఘం 'ట్రిపుల్ ఏ'కు చెందిన ఫౌండేషన్ కోసం చేసిన పరిశోధన మాత్రం, కొన్ని వాయిస్ సిస్టమ్‌లతో మాట్లాడటం ముగిశాక కూడా 27 సెకన్ల దాకా మనసు రోడ్డు మీదకు పూర్తిగా రాదంటోంది. కన్ను ఉండి మనసు లేకపోవడం పెద్ద విషయమా? సమావేశాల్లో అందరం చేసేదే కదా.

ఏసీ వాడకంలో మా వర్గం సాధించిన ప్రగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం గుర్తున్న బటన్ ఒకటుంటుంది. నొక్కితే బయటి గాలి ఆగిపోయి లోపలి గాలే తిరుగుతుంది. ఎండలో నిలిపిన కారు త్వరగా చల్లబడటానికీ, ముందు పొగ కక్కే బండి ఉంటే కాసేపు తప్పించుకోవడానికీ దాన్ని పెట్టారు. మేం కారు కొన్న రోజు నొక్కి, అమ్మే రోజు దాకా తియ్యం. నలుగురు కూర్చుని గంటసేపు వదిలిన ఊపిరే మళ్లీ మళ్లీ పీలుస్తుంటే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, తల దిమ్ముగా ఉంటుంది, ఆవలింతలు వరస కడతాయి. కారే కనిపెట్టి తెర మీద కాఫీ కప్పు బొమ్మ చూపిస్తుంది. మేం పాట సౌండు పెంచుతాం.

వానాకాలంలో అదే బటన్ ఇంకో సేవ కూడా చేస్తుంది. ఊపిరిలోని తేమ బయటికి పోయే దారిలేక అద్దం లోపలివైపు మసకగా పట్టుకుంటుంది. చలేస్తోందని అప్పటికే ఏసీ ఆపేసి ఉంటాం. ఏసీ చల్లబరచడంతో పాటు గాలిలోని తేమను లాగేస్తుందని, ఏసీ వేసి, కావాలంటే హీటరు కూడా కలిపి, బయటి గాలి తీసుకుంటూ ముందద్దం మీదకు వదిలితే చూస్తుండగానే అద్దం తేటపడుతుందని యూజర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చేతిరుమాలు ఉండగా మాన్యువల్ దేనికి? ఎడమ చేత్తో తుడుస్తూ, కుడి చేత్తో నడుపుతూ, మధ్యలో గేరు కూడా మార్చగల నైపుణ్యం ఊరికే రాదు. బాగా ఉక్కగా ఉన్న రోజున ముందద్దం మీదకు మరీ చల్లటి గాలి కొడితే మసక బయటివైపు పడుతుంది. అప్పుడు వైపర్ వేసి చల్లదనం తగ్గించాలి. అది తెలియక లోపలినుంచి రుద్దుతూ పోయేవారి భుజబలం చూసి తీరాలి.

ఇక్కడ కాసేపు వ్యంగ్యం పక్కన పెడతాను. ఆపిన కారులో పిల్లల్ని వదిలి "ఇప్పుడే వస్తా" అని వెళ్లేవారితో పరాచికాలు ఆడే ఓపిక నాకు లేదు. ఎండలో మూసిన కారులో వేడి పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా ఎక్కుతుంది. అద్దం వేలెడంత దించినా పెద్దగా ఉపయోగం లేదు. పిల్లల ఒళ్లు పెద్దలకన్నా చాలా త్వరగా వేడెక్కుతుంది. ఏసీ నడుస్తోంది కదా అని మూసిన గ్యారేజీలో ఇంజను ఆన్‌లో ఉంచి పడుకునేవారికి కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియదు, ఎందుకంటే దానికి వాసన లేదు.

సీటు దగ్గరికి వద్దాం. సీటును పూర్తిగా వెనక్కి వాల్చి ప్రయాణించడం సుఖజీవి జన్మహక్కు. అలా వాలినప్పుడు బెల్టు ఛాతీని వదిలి గాలిలో ఉంటుంది. నడుము పట్టీ తుంటి ఎముకల మీదనుంచి జారి పొట్ట మీదికి వస్తుంది. గట్టిగా గుద్దుకుంటే మనిషి బెల్టు కిందనుంచి ముందుకు జారిపోతాడు, ఆ దెబ్బ లోపలి అవయవాలు కాస్తాయి. పక్క సీటువారు డ్యాష్‌బోర్డు మీద కాళ్లు చాపుకుంటారు. ఆ కాళ్ల కిందే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. అది రెప్పపాటుకన్నా ముందే విప్పుకుని మోకాళ్లను ముఖానికి పరిచయం చేస్తుంది. డ్రైవరు రొమ్ము ఎముకకూ స్టీరింగు మధ్యకూ కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలంటారు. స్టీరింగును కౌగిలించుకుని నడిపే భావుకులకు ఈ దూరం విరహంలా తోస్తుంది కాబోలు. హెడ్‌రెస్ట్‌ను తలగడ అనుకుని కిందికి దించుకునేవారున్నారు. దాని పైఅంచు తల పైభాగంతో సమానంగా, తలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. వెనకనుంచి ఎవరైనా గుద్దినప్పుడు మెడ విరగకుండా చూడటం దాని ఉద్యోగం. కునుకు తీయించడం దాని పని కాదు. సీటు హీటరు సంగతి చిన్నది: మధుమేహం వల్లో మరో కారణం వల్లో చర్మానికి స్పర్శ తగ్గినవారు ఎక్కువసేపు వాడితే కాలిందని కూడా తెలియదు.

సన్‌రూఫ్ ఆకాశం చూడటానికి పెట్టారు. మేం దాన్ని గవాక్షంగా మార్చి పిల్లల్ని నిలబెడతాం. పిల్లలు జనానికి చేతులూపుతారు, కింద డ్రైవరు బ్రేకు ఎప్పుడు వేయాల్సి వస్తుందో ఎవరూ వాళ్లకు ముందే చెప్పరు. పవర్ విండోలకు లాక్ బటన్ డ్రైవరు తలుపు మీదే ఉంటుంది. వెనక కూర్చున్న బుడతడు తల బయటపెట్టి, మోకాలితోనే స్విచ్ నొక్కగలడన్న విషయం దాన్ని తయారుచేసినవాడికి తట్టింది, మాకింకా తట్టలేదు.

క్రూయిజ్ కంట్రోల్ కనిపెట్టిన ఇంజనీరు రాల్ఫ్ టీటర్‌కు చిన్నప్పుడే చూపు పోయింది. కుదుపుల్లేకుండా బండి ఒకే వేగంతో పోవాలని ఆయన తపించి, 1950లో పేటెంటు తెచ్చుకున్నాడు. 1958లో అది క్రైస్లర్ కార్లలోకి వచ్చింది. చూపులేని మనిషి అంత శ్రద్ధగా చేసి ఇచ్చిన సాధనాన్ని చూపున్నవాళ్లం ఆన్ చేసి కళ్లను మెనూలకు అప్పగిస్తున్నాం. తడి రోడ్డు మీద దాన్ని వాడొద్దంటారు. చక్రం నీటిమీద తేలి పట్టు తప్పినా అది పెట్టిన వేగం కోసమే ప్రయత్నిస్తుంది, మన కాలేమో పెడల్‌కు దూరంగా విశ్రాంతిలో ఉంటుంది.

వీటన్నిటి తర్వాత కూడా తయారీదారులకు మన మీద ప్రేమ ఉందనడానికి సాక్ష్యం, కారు స్టార్ట్ చేయగానే తెర మీద వచ్చే హెచ్చరిక. 'డ్రైవింగ్ చేస్తూ తెర చూడవద్దు' అని సన్నటి అక్షరాల్లో పెద్ద పేరా ఉంటుంది. కింద 'అంగీకరిస్తున్నాను' అన్న బటన్. అప్పటికి బండి గేటు దాటి రోడ్డెక్కి ఉంటుంది. తెర చూడకూడదని తెర చూసి చదివి, వేలుపెట్టి ఒప్పుకుంటేగానీ మ్యాపు రాదు.

మా ప్రగతికి అడ్డుపడే ఒక మొండి జాతి ఇంకా మిగిలి ఉంది. వీళ్లు గేరు వేయకముందే సీటు, అద్దాలు, స్టీరింగు ఎత్తు సరిచూసుకుంటారు. మ్యాపులో ఊరిపేరు కొట్టేస్తారు, ఏసీ పెట్టేస్తారు. దారిలో ఏదైనా మార్చాలంటే పక్కకు ఆపుతారు. మరీ అవసరమైతే పక్క సీట్లో ఉన్నవారిని అడుగుతారు. అలా అడిగినందుకు ఆ పక్కసీటువారు పెట్టిన పాటే గమ్యం చేరేదాకా వింటూ పోవాల్సి వస్తుంది. నోరెత్తకుండా వింటారు కూడా.