బాలింత పరుగు: బాధ్యతగల పౌరుల మనవి

శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచే బాధ్యతగల పౌరులం మేం. కొంతకాలంగా తీవ్రమైన ఆందోళనలో ఉన్నాం. ఏడు నెలల బిడ్డ తల్లి ఒకామె అక్కడ పరుగెడుతోంది. నడిస్తే మాకు పేచీ లేదు. బస్సు తప్పిపోతుందని పరుగెత్తినా అర్థం చేసుకుంటాం. ఈమె మాత్రం ఎక్కడికీ వెళ్లడానికి పరుగెత్తడం లేదు. గంటసేపు పరుగెత్తి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగుతోంది. పైగా అప్పుడామె మొహంలో సంతోషం కనిపిస్తోంది. మా ఆందోళనకి కారణం అదేనని కాదు. కానీ రికార్డులో ఉండాలి కదా.

అడిగితే, విశాఖలో నేవీవాళ్లు పెట్టే మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకి తయారవుతున్నానంది. బిడ్డకి పాలిస్తున్నావా అంటే ఇస్తున్నానంది. ఇక మేం ఊరుకోగలమా? రెండు రౌండ్లు నడిచి, బెంచీ మీద చేరి, రాగిజావ తాగుతూ సమస్యని అన్ని వైపుల నుంచీ పరిశీలించాం. మాలో ఒక రిటైర్డ్ తహసీల్దారు, ఒక ఎరువుల డీలరు, ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. పాలిచ్చిన అనుభవం ఎవరికీ లేకపోవడం వల్ల చర్చ నిష్పాక్షికంగా సాగింది.

ముందుగా ఎరువుల డీలరు గారు తన సిద్ధాంతం చెప్పారు. క్యాన్‌లో పాలు పోసి మన గుంతల రోడ్డు మీద బండి మీద తెస్తే, ఊరు చేరేసరికి పైన వెన్న తేలుతుంది. మరి గంటసేపు గెంతే మనిషి ఒంట్లోని పాల సంగతేమిటి? ఆ బిడ్డ తాగేది మజ్జిగే అని ఆయన తేల్చేశారు. మజ్జిగైతే చలవ చేస్తుంది కదా అని తహసీల్దారు గారు సందేహం వెలిబుచ్చారు. ఆ సందేహాన్ని రికార్డుల నుంచి తొలగించాం.

తర్వాత వేడి సిద్ధాంతం. దీన్ని కొత్తగా ఎవరూ కనిపెట్టలేదు, ఇంటింటా ఉన్నదే. పరుగెత్తితే ఒళ్లు వేడెక్కుతుంది, ఒళ్లు వేడెక్కితే పాలు వేడి చేస్తాయి, ఆ పాలు తాగితే గుంటడికి విరేచనాలు. ఖర్మకొద్దీ అదే గ్రౌండ్‌లో నడిచే పిల్లల డాక్టరు ఒకాయన మా మాటలు విన్నారు. పాలు ఎప్పుడైనా తల్లి ఒంటి వేడితోనే వస్తాయట. ఓ మోస్తరు వ్యాయామం వల్ల పాలు తగ్గవట, వాటి బలమూ తగ్గదట. మరీ ఊపిరి అందనంతగా పరుగెడితే పాలలో లాక్టిక్ ఆమ్లం కాసేపు కొద్దిగా పెరగొచ్చట, దానివల్ల బిడ్డకి హాని లేదట. ఒంటి మీది చెమట ఉప్పగా ఉంటుంది కాబట్టి తడిగుడ్డతో తుడుచుకుని పాలిస్తే చాలట. ఇంత గంభీరమైన విషయంలో సైన్సు ఇంత తేలిగ్గా మాట్లాడటం మమ్మల్ని బాధించింది. ఆయనకి బెంచీ మీద చోటివ్వడం మానేశాం.

అయితే వేడి సిద్ధాంతంలో ఒక చిక్కుందని ఒప్పుకోవాలి. మన జిల్లాలో ఉభాల రోజుల్లో పచ్చి బాలింతలు కూడా మోకాలి లోతు బురదలో పొద్దస్తమానం నడుం వంచి నాట్లు వేస్తారు. గట్టు మీద చెట్టుకి చీరతో ఉయ్యాల కడతారు. బిడ్డ ఏడిస్తే చేతులు కడుక్కుని వచ్చి పాలిచ్చి, మళ్లీ దిగుతారు. ఆ పాలు వేడి చేసినట్టు ఏ రైతూ ఫిర్యాదు చేయలేదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే తల్లుల పాలూ వేడెక్కలేదు. కళింగపట్నం వైపు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని మే నెల ఎండలో ఊరూరూ తిరిగే తల్లుల పాల గురించి మా బెంచీ మీద ఎప్పుడూ ప్రస్తావన రాలేదు. చేప తాజాగా ఉందా లేదా అని మాత్రం అడిగాం. చుట్టాల పెళ్లిలో పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడి వడ్డించిన కోడలి పాలు కూడా చల్లగానే ఉంటాయి. దీన్నిబట్టి లెక్కల మాస్టారు తేల్చిందేమిటంటే, వేడి ఎండలో లేదు, శ్రమలోనూ లేదు, బూట్లలో ఉంది.

పత్యం విషయానికొస్తే, మన వాళ్లకి తెలియని శాస్త్రం లేదు. పాలు పడాలంటే తెలగపిండి మునగాకు కూర, పాలసొర పిట్టు, వెల్లుల్లి కారం, కాయం. ఈ అమ్మాయి అన్నీ తింటోంది, ఇంకా అడుగుతోంది. బిడ్డకి పాలివ్వడానికే ఒంటికి రోజుకి సుమారు 500 కేలరీలు అదనంగా కావాలి, గంట పరుగుకి ఇంచుమించు అంతే మళ్లీ. అత్తగారికి ఈ లెక్క చెప్పబోతే, "అంత తినీసి మల్లా పరిగెట్టి అరగదీసుకోడం దేనికమ్మా, తిన్నగా కూకుంటే సరిపోద్ది కదా!" అన్నారట. ఇందులో తర్కం బలంగా ఉంది. నీళ్ల విషయంలోనూ మనది గొప్ప పద్ధతి. పరుగెడితే పాలు తగ్గిపోతాయని బెంగపడతాం, అదే నోటితో ఎక్కువ నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని బాలింత గ్లాసులు లెక్కపెడతాం.

ఈ జాడ్యం పైదేశాల నుంచి వచ్చిందని మా దర్యాప్తులో తేలింది. 2018లో సోఫీ పవర్ అనే బ్రిటిష్ ఆవిడ ఆల్ప్స్ పర్వతాల్లో మో బ్లా (మౌంట్ బ్లాంక్) శిఖరం చుట్టూ 170 కిలోమీటర్ల పరుగుకి వెళ్లి, దారి మధ్యలో ఆగి మూడు నెలల బిడ్డకి పాలిచ్చింది. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అంత చిన్న బిడ్డతో ఎందుకెళ్లిందంటే, అంతకుముందు ఒకసారి కడుపుతో ఉండి ఆ పరుగులో చోటు పోగొట్టుకుంది. కాలికి దెబ్బ తగిలితే పేరు మరుసటి ఏడాదికి వాయిదా వేసేవారుగానీ, గర్భానికి ఆ సౌకర్యం లేదు. నిర్వాహకుల్లో మనవాళ్లెవరో ఉండుంటారని మా అనుమానం. తర్వాత ఆ నిబంధన మార్చేశారు, పాపం.

2019 జనవరిలో జరిగింది మరీ ఘోరం. జాస్మిన్ పారిస్ అనే ఆవిడకి ఇంట్లో పద్నాలుగు నెలల కూతురు. బ్రిటన్‌లో పెన్నైన్ కొండదారి వెంట 431 కిలోమీటర్లు, అంటే మన శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ నుంచి ఇంచుమించు విజయవాడ దాకా, నడిశీతాకాలంలో 83 గంటల 12 నిమిషాల్లో పూర్తి చేసింది. దారిలో చెక్‌పాయింట్ల దగ్గర ఆగి పంపుతో పాలు తీసుకుంది. మగవాళ్లతో సహా అందరికంటే ముందొచ్చింది, పాత రికార్డు పన్నెండు గంటల తేడాతో పోయింది. వెనక వచ్చిన మగవాళ్లకి పాలిచ్చే బాధ్యత లేదు కదా, మరి వాళ్లు ఇంతసేపు ఏం చేసినట్టు? ఈ ప్రశ్న మా మాస్టారు వేశారు. ఎవరూ జవాబివ్వలేదు. జావ చల్లారిపోయింది.

మేం ఆటలకి వ్యతిరేకులం అనుకోకండి. మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకుంటే ఊరంతా చప్పట్లు కొట్టింది, ఆయన పేరే స్టేడియానికి పెట్టుకున్నాం. ఆయన గుండెల్లో పాలు లేవు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేకపోయింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ అయింది. ఆమె మన జిల్లా ఆడపడుచని సభల్లో గొంతెత్తి చెబుతాం. ఆడపడుచు ఎంత బరువైనా ఎత్తొచ్చు. కోడలి విషయం వేరు.

ఇప్పుడు ఆ భర్త సంగతి. ఆమె పరుగెత్తేంతసేపూ అతను గ్రౌండ్ గేటు దగ్గర బిడ్డని ఎత్తుకుని నిలబడుతున్నాడు. ఆలస్యమైతే పనికొస్తాయని పిండిన పాలు ఐస్ పెట్టిన డబ్బాలో పెట్టుకుని మరీ వస్తున్నాడు. "ఏం బాబూ, డ్యూటీ లేదా?" అని జాలిగా అడిగాం. ఆ తర్వాత మాలోనే కొందరు మెత్తబడి, ఎంత మంచి కుర్రాడో, ఈ రోజుల్లో ఇలాంటి భర్త ఎవరికి దొరుకుతాడు అనడం మొదలుపెట్టారు. ఆమెకి రౌండుకో సలహా, అతనికి రౌండుకో మెచ్చుకోలు. అతను ఇంతవరకూ ఒక్క రౌండూ తిరగలేదు.

ఒకరోజు గ్రౌండ్‌లో వేరెవరి బిడ్డో ఏడిస్తే ఈమెకి పాలు చేపుకొచ్చి చొక్కా తడిసింది. పరుగాపి, గ్యాలరీ మెట్ల వెనక్కి వెళ్లి తన బిడ్డకి పాలిచ్చింది. బహిరంగ ప్రదేశంలో ఇదేం పనని మేం నిరసన తెలిపాం. గ్రౌండ్ ప్రహరీ వైపు తిరిగి నిలబడి మగవాళ్లు చేసే పని ఇక్కడ అనవసరంగా ప్రస్తావనకి వచ్చింది. అది ప్రకృతి పిలుపు. రెండింటినీ కలపకూడదు.

ఇంతకీ ఆమె అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయని మా ఇంటావిడ ద్వారా తెలిసింది. కాన్పయ్యాక కటి కండరాలు వదులవుతాయి, గెంతితే మూత్రం చుక్కలు పడొచ్చు. కనీసం మూడు నెలలు ఆగి, ఆ కండరాలు గట్టిపడే వ్యాయామాలు చేశాకే పరుగు మొదలుపెట్టమని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. ఈమె ఆగింది, చేసింది. పాలు నిండి ఉండగా పరుగెడితే నొప్పి, ఎక్కువసేపు తీయకుండా ఉంటే గడ్డ కట్టి జ్వరం. అందుకని తెల్లారకముందే లేచి బిడ్డకి పాలిచ్చి వస్తోంది. రాత్రి మూడుసార్లు లేస్తుంది కాబట్టి నిద్ర చాలదు. ఇంతమంది పెద్దలం ఉన్నాం, పాల వేడి కొలిచాం, నిద్ర సంగతి ఎవరం అడగలేదు. అజెండాలో లేదు మరి.

చివరికి ఏకగ్రీవంగా తీర్మానించింది ఇది. బాలింతకి ఓర్పు పరీక్షలు కావాలంటే ఇంట్లోనే బోలెడున్నాయి. బిడ్డని ఉయ్యాల్లో వేసే రోజున ఇన్నూరు మంది చుట్టాల ముందు పట్టుచీరతో కూర్చుని, వచ్చినవాళ్లందరి చేత "చిక్కిపోయావమ్మా", "ఒళ్లొచ్చిందమ్మా" అని ఒకే రోజు అనిపించుకోవడం ఏ మారథాన్‌కీ తీసిపోదు. అయినా విశాఖ వెళ్తానని పట్టుబడితే, పర్యవేక్షణ నిమిత్తం మేమూ బయల్దేరుతాం. కారులో మాకు మాత్రమే చోటుంది కాబట్టి ఆమె, భర్త, బిడ్డ బస్సులో రావాలి. తగరపువలసలో మేం టిఫిన్‌కి ఆగుతాం. పరుగుకి ముందు ఆమె ఏం తినకూడదో అక్కణ్నుంచే ఫోన్ చేసి చెబుతాం.