గవర్నర్ చేతిలోంచి తీసి ఎవరి చేతిలో పెట్టారు?

క్షమాభిక్ష అధికారం రాజకీయ నాయకుల దగ్గర ఉంటే పక్షపాతం తప్పదు, స్వతంత్ర బోర్డుకు అప్పగించాలి అని చాలామంది అంటుంటారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఆ పని ఎప్పుడో చేసింది. 1930ల చివర్లో గవర్నరుగా ఉన్న ఇ.డి. రివర్స్ హయాంలో క్షమాభిక్షలు అమ్ముకున్నారన్న ఆరోపణలు గుప్పుమన్నాయి. ఎల్లిస్ ఆర్నాల్ గవర్నరయ్యాక 1943లో ఆ అధికారాన్ని ఒక బోర్డుకు బదిలీ చేశారు. మొదట ముగ్గురు సభ్యులు, ఇప్పుడు ఐదుగురు. పెరోల్ (శిక్ష పూర్తికాకముందే షరతులతో విడుదల), క్షమాభిక్ష, మరణశిక్ష తగ్గింపు అన్నీ ఇప్పుడు బోర్డు చేతిలోనే. గవర్నరు కావాలనుకున్నా ఒక ఖైదీని వదిలిపెట్టలేడు.

కాకపోతే సభ్యులను నియమించేది ఆ గవర్నరే! రాష్ట్ర సెనేట్ (చట్టసభలో ఎగువ సభ) ఆమోదం కావాలి, పదవీకాలం ఏడేళ్లు. నాలుగేళ్ల గవర్నరు కంటే సభ్యుడు ఎక్కువ కాలం ఉంటాడు కాబట్టి ఒత్తిడి ఉండదని లెక్క. కానీ గవర్నరు వరసగా రెండుసార్లు గెలిస్తే ఎనిమిదేళ్లు. ఆలోగా ఐదు కుర్చీలూ ఆయన చేతి మీదుగానే నిండుతాయి.

అసలు పేచీ ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారన్నది. 1989లో జార్జియాలోని సవానా నగరంలో జరిగిన పోలీసు అధికారి హత్య కేసులో ట్రాయ్ డేవిస్‌కు మరణశిక్ష పడింది. విచారణలో అతనికి వ్యతిరేకంగా చెప్పిన తొమ్మిది మంది ముఖ్య సాక్షుల్లో ఏడుగురు తర్వాత పూర్తిగానో కొంతమేరకో మాట మార్చారు. 2011 సెప్టెంబర్‌లో ఫైలు చివరిసారి బోర్డు ముందుకొచ్చింది. అప్పటి ఐదుగురూ ఎవరంటే: మాజీ జైళ్ల కమిషనర్, బాల నేరస్తుల శాఖ మాజీ కమిషనర్, మాజీ ప్రాసిక్యూటర్, నేర పరిశోధన విభాగంలో పనిచేసిన అధికారి, మాజీ శాసనసభ్యుడు. పట్టుకున్నవాళ్లు, వాదించి శిక్ష వేయించినవాళ్లు, జైలు నడిపినవాళ్లు ఉన్నారు. నిందితుడి తరఫున వాదించడమే వృత్తిగా బతికినవాళ్లు కనబడరు. విన్నపం తోసిపుచ్చారు, మర్నాడు, సెప్టెంబర్ 21న శిక్ష అమలైంది. ఎవరు ఎటు ఓటేశారో బోర్డు చెప్పలేదు. అతను దోషేనని వాళ్లు నిజాయతీగానే నమ్మి ఉండొచ్చు, కాదనను. ఇంకో రకం అనుభవం ఉన్న మనిషి ఆ గదిలో ఉంటే అడగాల్సిన ప్రశ్న ఒకటైనా ఎక్కువ పడేది.

పక్కనున్న అలబామా ఇంకాస్త ముందుకెళ్లింది. పెరోల్‌పై బయటికొచ్చిన ఒకతను 2018లో ముగ్గురిని చంపడంతో 2019లో చట్టం మార్చారు. అక్కడి పెరోల్ బోర్డులోని ముగ్గురు సభ్యుల్లో కనీసం ఒకరికి పోలీసు తరహా విభాగాల్లో పదేళ్ల అనుభవం ఉండాలన్నారు. 2017లో సగానికి పైగా దరఖాస్తులకు పెరోల్ దొరికేది, 2023 నాటికి అది 8 శాతానికి పడిపోయింది. ఇదంతా ఒక్క కుర్చీ మహిమే అనలేం, ఆ హత్యల తర్వాత ఎవరికీ రిస్క్ తీసుకునే ధైర్యం లేకపోయింది.

మన దగ్గర బోర్డు లేని పద్ధతి ఎలా ఉంటుందో హత్యకు గురైన వ్యక్తి కొడుకు ఏపూరు సుధాకర్ వేసిన కేసులో చూశాం. కర్నూలు జిల్లా నేత ఒకరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు 2006లో కొట్టేసింది. కింది నుంచి వచ్చిన నివేదికలో ఆయన ‘మంచి కాంగ్రెస్ కార్యకర్త’ అని రాశారు మరి! అలాంటి మాట జార్జియా ఫైల్లో ఎవరూ రాయరు, రాయాల్సిన అవసరమూ లేదు. అక్కడ మొగ్గు ఉంటే అది నియామకంలోనే ఉంటుంది, దాన్ని కోర్టులో సవాలు చేయడానికి కాగితం దొరకదు. కాబట్టి పేర్లు సెనేట్ ముందుకొచ్చే రోజే అడగాలి: ఈ ఐదుగురిలో డిఫెన్స్ లాయరుగా పనిచేసినవాళ్లు ఎందరు?