గ్రీజు పెట్టేవాళ్ళతో సమాజానికి పొంచి ఉన్న ముప్పు

ఆదివారం పొద్దున్నే బాల్కనీలో పాత పేపరు పరిచి, సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రం ఊడదీసే మనిషిని ఇంతవరకూ ఏ అపార్ట్‌మెంట్ సంఘమూ సంజాయిషీ అడగలేదు. మెట్ల దగ్గర చెప్పుల స్టాండు పెడితే నోటీసు వస్తుంది. గుమ్మం ముందు ముగ్గు కాస్త పక్కింటి వైపు జరిగితే వాట్సాప్ గ్రూపులో రాత్రి దాకా చర్చ నడుస్తుంది. బేరింగులకి సొంతంగా గ్రీజు పెట్టుకునేవాడు మాత్రం దర్జాగా తన పని తను చేసుకుపోతున్నాడు. ఈ ఉపేక్ష మంచిది కాదు.

ముందు నేరం ఏమిటో తెలుసుకుందాం. సైకిల్ చక్రం నడిమధ్యన హబ్బు ఉంటుంది. దానికి అటొక కప్పు, ఇటొక కప్పు. కప్పులో వరసగా ఉక్కు బాల్స్, వాటిని లోపలికి అదిమి పట్టుకునే కోను. ఇవన్నీ కలిస్తే బేరింగు. చాలా సైకిళ్ళలో ముందు చక్రానికి ఒక్కో వైపు 10 చొప్పున 3/16 అంగుళం బాల్స్, వెనక చక్రానికి 9 చొప్పున పావంగుళం బాల్స్ ఉంటాయి. మనవాడు వీటన్నిటినీ బయటికి తీసి, కిరసనాయిల్లో కడిగి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, ఎక్కడివక్కడ సర్ది మూసేస్తాడు. మూసేశాక సైకిల్ ఎలా ఉంటుంది? విప్పకముందు ఎలా ఉందో అలాగే. పూట గడిచింది, చేతులు నల్లబడ్డాయి, ఇడ్లీలు చల్లారాయి. చూపించడానికి ఏమీ లేదు.

పని అన్నాక కనబడాలి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు వేసి, పైన సోలార్ పలకల కప్పు కట్టి, 2023 అక్టోబరులో ప్రారంభించారు. అదీ పనంటే. రిబ్బను కట్టడానికి చోటుంది, డ్రోన్ ఎగరేసి ఫొటో తీయడానికి చోటుంది. హబ్బు లోపలి గ్రీజుకి రిబ్బను ఎక్కడ కడతారు? ఎవరొచ్చి కత్తిరిస్తారు? ఆ కప్పు కింద తిరిగే సైకిళ్ళలో ఎన్నిటి బేరింగులు ఎండిపోయాయో అడిగే మనిషి ఇంకా పుట్టలేదు, పుట్టకపోవడమే మంచిది. ముఖ్య అతిథి మాట్లాడుతుండగా వెనక నుంచి ‘మరి హబ్బు సంగతో’ అనడం మర్యాదస్తులు చేసే పని కాదు.

పోనీ గ్రీజు పెడితే వేగమన్నా పెరుగుతుందా? పెరగదని గ్రీజు వర్గంవాళ్ళే ఒప్పుకుంటారు. చదును రోడ్డు మీద తొక్కేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుంటూ పోవడానికి, టైర్లు దొర్లడానికే ఖర్చవుతుంది. హబ్బు బేరింగులు తినేది అందులో చాలా చిన్న వాటా. మరెందుకయ్యా ఈ అవస్థ అంటే, నీళ్ళు లోపలికి పోకుండా, తుప్పు పట్టకుండా, బాల్స్ తిరిగే దారిలో గుంటలు పడకుండా అంటారు. అంటే ఒక మనిషి సెలవంతా ధారపోసి సాధించేది, ఏమీ జరగకుండా చూడటం. ఏమీ జరగకపోవడాన్ని, తొక్కిన కిలోమీటర్లు నలుగురికీ చూపించుకునే స్ట్రావా యాప్‌లో ఎలా పెడతారు? ‘ఈ నెల కూడా నా కోను నున్నగానే ఉంది’ అని స్టేటస్ పెట్టుకున్న కుర్రాడికి లైకుల సంగతి దేవుడెరుగు, పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు కూడా ఒకసారి ఆలోచిస్తారు.

ఈ జాడ్యానికి చరిత్ర ఉంది. పారిస్‌లో జూల్ సురిరే అనే మెకానిక్ 1869లో సైకిళ్ళకి బాల్ బేరింగుల మీద పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది నవంబరులో పారిస్ నుంచి రువాన్ దాకా సైకిల్ పందెం పెడితే, బాల్ బేరింగులున్న సైకిలెక్కి జేమ్స్ మూర్ గెలిచాడు. 123 కిలోమీటర్లకి పదిన్నర గంటల పైనే పట్టింది. తరవాత 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు బాల్స్‌ని అన్నీ ఒకే కొలతకి గుండ్రంగా అరగదీసే యంత్రం చేశాడు. ఇక బాల్స్ చవకయ్యాయి, ప్రతి చక్రంలోకీ దూరాయి, దాంతోపాటే వాటికి గ్రీజు పెట్టాలనే బుద్ధి కూడా పుట్టింది.

మన ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టేవాళ్ళు కదా, అదీ గ్రీజే కదా అని ఇక్కడొకాయన అడ్డు తగులుతాడు. తేడా ఉందండీ. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసిన ఆ కందెన ఇరుసు పొడుగునా కనబడేది, పంచెలకి అంటుకునేది, చాకలి దాకా వెళ్ళేది. ఫలానావారి బండికి కందెన పెట్టారని ఊరంతటికీ తెలిసేది. హబ్బు లోపల దాక్కునే లిథియం గ్రీజుకి ఆ పౌరుషం ఎక్కడిది?

ఇక కొలత దగ్గర వీళ్ళ పిసినారితనం చూడాలి. మా వీధి చివర సైకిల్ షాపాయన ఉన్నాడు. ఒకప్పుడు గంటకింత అని అద్దెకి సైకిళ్ళు తిప్పినవాడు. ఇప్పుడు షాపు ముందు రెండు పాత టైర్లు, పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి మిగిలాయి. ఓవరాయిలింగ్‌కి ఎవరైనా సైకిల్ తెస్తే, కప్పులో సన్నగా ఒక వరస గ్రీజు పెట్టి, అందులో బాల్స్ సగం మునిగేలా అతికించి ఊరుకుంటాడు. డబ్బా నిండా ఉంది కదా, ఇంకాస్త దట్టించవచ్చు కదా అంటే, ‘ఎక్కువైతే బయటికొచ్చి మట్టి పట్టుకుంటది సార్’ అంటాడు. బయటికి రావడమే కదా మనకి కావలసింది! హబ్బు చుట్టూ నల్లటి గ్రీజు ఉబికి, దానికి దుమ్ము అంటుకుని, ప్యాంటుకి మరకైతే కదా, గ్రీజు పెట్టించామని నలుగురికీ తెలిసేది.

బాల్స్ లెక్కలోనూ ఇదే చాదస్తం. వెనక కప్పులో తొమ్మిది పేర్చాక చూస్తే ఇంకొకదానికి చోటున్నట్టే కనబడుతుంది. నిండుగా ఉన్న షేర్ ఆటోలో ‘కొంచెం సర్దుకోండి సార్’ అని డ్రైవరు ఇంకొకర్ని ఎక్కించినట్టు మనవాళ్ళు పదోదాన్ని కూడా ఇరికిస్తారు. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ షాపాయన ఒప్పుకోడు. ఆ మిగిలిన సందు ఉంటేనే బాల్స్ దొర్లుతాయట, నిండా ఇరికిస్తే ఒకదాన్నొకటి రాసుకుని చక్రం బిగుసుకుపోతుందట. ఖాళీ జాగా చూసి కూడా ఆక్రమించకుండా వదిలేయమనే శాస్త్రం మన నేల మీద ఎలా బతికి బట్టకడుతోందో ఆశ్చర్యం.

అసలు నష్టం ఇంట్లోవాళ్ళది. కిరసనాయిలు పోసుకోవడానికి ఈ మనిషి వంటింట్లోంచి స్టీలు గిన్నె పట్టుకుపోతాడు, పైగా ‘కడిగి ఇచ్చేస్తాను’ అంటాడు. రేషన్ కిరసనాయిలు దొరకడం మానేశాక డీజిలు తెస్తున్నాడు, దాని వాసన గిన్నెని వదలదు. హబ్బు తుడవడానికి తీసుకున్న టూత్ బ్రష్ పాతదే అంటాడు. అది ఎవరిదో అడగొద్దు. ఒక బాల్ జారి బీరువా కిందికి దొర్లిందా, ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మ పీకి, దారం కట్టి, నేల మీద బోర్లా పడుకుని చేపలు పట్టడం మొదలుపెడతాడు. బాల్‌తో పాటు ఎన్నడో పోయిన పిన్నీసులు, చెవి కమ్మ మర బయటపడతాయి. ఆ మర వల్ల అప్పట్లో పనిమనిషి మానేసిన సంగతి ఇంట్లో అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. బేరింగు పని కాపురాల్లోకి ఇలా దూరుతుంది.

పెడల్ జోలికి పోతే ఇంకో కథ. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. మన మామూలు సైకిళ్ళలో బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే చోట, కుడివైపు కప్పూ అంతే. పెడల్‌కేమో ఎడమ పక్క తిరకాసు, కప్పుకేమో కుడి పక్క. దీనికి కారణం ఉందంటారు, తొక్కుతుండగా వాటంతట అవే వదులు కాకుండా అలా చేశారట. ఏదేమైనా, పానాకి ఇనప గొట్టం తగిలించి తప్పు వైపు బలం చూపించే పెద్దమనుషులు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. వాళ్ళ దీక్షని మెచ్చుకోవాలి.

అన్నీ పెట్టాక కోను బిగించడం ఉంటుంది. సన్న పానా ఒకటి, మామూలు పానా ఒకటి, రెండు చేతులూ చెరో వైపు. ఎక్కువ బిగిస్తే ఇరుసు గరగరమంటుంది, బాల్స్ కోనుని తినేస్తాయి. వదులుగా వదిలితే చక్రం పక్కలకి ఆడుతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక పావు తిప్పు ఉందని, వేళ్ళతో ఇరుసు తిప్పి చూస్తే తెలుస్తుందని చెబుతారు. దాని కోసం బిగించి, వదిలి, మళ్ళీ బిగించి, లాక్‌నట్ వేయగానే అది కాస్తా మారిపోయి, మొదటికొచ్చి కూర్చుంటారు. ఇంట్లో ఎవరు ఏది అడిగినా ‘ఒక్క నిమిషం’ అనే జవాబు. ఇంతటి ఏకాగ్రత మనిషికి ఆరోగ్యమేనా అని ఎవరైనా డాక్టరుగారు పరిశీలించాలి.

నా దృష్టిలో విజ్ఞులకి సులువైన మార్గాలున్నాయి. మొదటిది డబ్ల్యూడీ-40 అనే స్ప్రే డబ్బా. 1953లో శాన్ డియాగోలో నీటిని తరిమే మందు కోసం చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది కుదిరిందని ఆ పేరు పెట్టారు. అది గ్రీజు కాదు. హబ్బులోకి కొడితే ఉన్న గ్రీజుని కూడా పలచబరిచి బయటికి కార్పిస్తుంది. కానీ ఎర్ర గొట్టం ఉంది, బుస్సుమనే శబ్దం ఉంది, ఇల్లంతా వాసన ఉంది. కిర్రుమనడం కూడా ఆ పూటకి ఆగుతుంది. ఇంతకన్నా ఏం కావాలి? రెండోది దేశవాళీ పద్ధతి, కొబ్బరినూనె. ఏప్రిల్‌లో కారిపోతుంది, ఆదిలాబాద్ చలిలో గడ్డకడుతుంది. ఋతువుల్ని ఇంతగా గౌరవించే పదార్థం ఇంకొకటి లేదు.

ఖరీదైన సైకిళ్ళలో ఈ మధ్య మూసేసిన కార్ట్‌రిడ్జి బేరింగులు వస్తున్నాయి. అరిగితే తీసి పారేసి కొత్తది కొట్టించుకోవడమే. హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే, బ్లేడు మొనతో దాని రబ్బరు మూత ఒడుపుగా లేపి, లోపల కడిగి, గ్రీజు నింపి, మళ్ళీ మూత నొక్కేవాళ్ళు బయల్దేరారు. కంపెనీ మూసినదాన్ని కూడా మూసి ఉండనివ్వరు. వీళ్ళకి మందు లేదు.

సంతోషించదగ్గ విషయం ఒకటుంది. గ్రీజు వర్గం ఏడాదంతా చేసిన పనిని ఆయుధపూజ ఒక్క పూటలో సరిచేస్తుంది. ఆ రోజు పొద్దున సైకిల్ని కారు కడిగే ప్రెషర్ పైపు కింద నిలబెట్టి, హబ్బుకి సూటిగా గురిపెట్టి కొడతాం. అంత జోరు మీద వచ్చే నీళ్ళకి కోను దగ్గరి సన్న సందు ఒక లెక్క కాదు. లోపల గ్రీజు చెడుతుంది, నీరు మిగులుతుంది, బయట ఫ్రేము తళతళలాడుతుంది. తరవాత హ్యాండిల్‌కి పసుపు కుంకుమ, బంతిపూల దండ, చక్రం కింద నిమ్మకాయ. నాలుగు వారాలకి హబ్బు మూలగడం మొదలెడితే దిష్టి తగిలిందంటాం.

పోయిన దసరాకి మా మేనల్లుడు ఈ ఆచారాన్నే చెడగొట్టబోయాడు. అందరూ బళ్ళు కడుగుతుంటే వాడు వెనక చక్రం విప్పి కూర్చున్నాడు. పూజ వేళకి ఫ్రేము ఒకచోట, చక్రం ఒకచోట, స్టీలు గిన్నెలో గ్రీజు పూసిన బాల్స్. మా అమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చి నిలబడింది.

“ఇందులో బండేదిరా నాయనా?”

“అన్నీ కలిపితే బండే అమ్మమ్మా.”

ఆవిడ పక్షపాతం చూపించలేదు. ఫ్రేముకి బొట్టు పెట్టింది, చక్రానికి పెట్టింది, గిన్నె మీద ఇంత కుంకుమ, గుప్పెడు అక్షింతలు చల్లింది.

“అయ్యో, గ్రీజులో పడ్డాయి! మళ్ళీ మొత్తం కడగాలి!”

“పూజ చేసినదాన్ని ఇవాళే కడుగుతావా? రేపు చూసుకో” అంది మా అమ్మ. “సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి మీ నాన్నతో పాటు కార్లో రా.”