తాళం తొట్టికి, ఆట మిద్దె మీద

మన ఇళ్లల్లో ఇంతకాలం ఒక రాజ్యాంగం నడిచింది. టీవీ నాన్నది, సీరియల్ టైములో అమ్మది, ఇద్దరూ లేనప్పుడు పిల్లలది. అసలు సిసలు వీడియోగేమ్ ఆడాలంటే ఆ టీవీ ముందుకే రావాలి. వస్తే దొరికిపోతారు. చేతిలో పట్టుకుని ఆడే బుల్లి గేమ్‌ది వేరే జాతి. ఈ రెండింటి మధ్యా గోడ ఉండబట్టే నెల్లూరులో నాబోటివాళ్లు తండ్రులుగా చలామణి అయ్యారు.

ఆ గోడను జపాన్ గేముల కంపెనీ నింటెండో 2017 మార్చిలో కూల్చేసింది. మన మీద ప్రేమతో కాదు లెండి. 2012లో తెచ్చిన వీ యూ అనే టీవీ గేము మిషను అమ్మకాలు 1.35 కోట్ల దగ్గరే చతికిలపడ్డాయి. ఇంటికో మిషను, చేతికో మిషను, రెండింటికీ విడివిడిగా గేములు తయారు చేస్తూ కూర్చుంటే గిట్టుబాటు కాదని తేలింది. అప్పటి కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాటా హయాంలో, 2013లోనే, ఆ రెండు విభాగాల వంటా ఒకే పొయ్యి మీదికి తెచ్చారు. అలా పుట్టిన, టీవీలోనూ చేతిలోనూ ఆడే స్విచ్ అనే మిషను 15 కోట్లు దాటి అమ్ముడుపోయింది. వాళ్ల నష్టం తీరింది, నా పరువు పోయింది.

1995లో సెగా అనే మరో గేముల కంపెనీ వాళ్ల నోమాడ్ కూడా ఇంటి గేమునే చేతిలో ఆడించింది. కాకపోతే ఆరు పెన్సిల్ బ్యాటరీలు మింగి, కాసేపటికే మళ్లీ ఆకలనేది. తండ్రుల పాలిట దేవత అంటే అదీ.

మా ఇంటికి స్విచ్‌ను బామ్మర్ది అమెరికా నుంచి తెచ్చాడు. (బామ్మర్దుల మీద వేరే వ్యాసం రాస్తాను.) పెద్దోడి పదో తరగతి పరీక్షల ముందు నేనొక కఠిన నిర్ణయం తీసుకున్నా. టీవీ పక్కన నల్లగా నిలబడ్డ డబ్బాను వైర్లతో సహా పీకి బీరువాలో పెట్టి తాళం వేశా. వాడు కిక్కురుమనలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. మూడు రోజులు ట్రంకురోడ్డులో టీ తాగుతూ తోటి తండ్రులకు క్రమశిక్షణ గురించి ఉపన్యాసాలిచ్చా. నాలుగో రోజు ఆరేసిన బట్టల కోసం మిద్దె ఎక్కితే, నీళ్ల ట్యాంకు నీడలో అన్నదమ్ములిద్దరూ! మిషనుకు రెండు పక్కలా ఉండే మీటల ముక్కలు ఊడదీసి చెరొకటి పట్టుకున్నారు. నేను బీరువాలో దాచింది మిషనును నిలబెట్టే ఉత్త తొట్టి. దాని పనల్లా కరెంటు ఎక్కించడం, బొమ్మను టీవీకి పంపడం. ఎద్దును వదిలేసి గాడికి తాళం వేసినోణ్ణి ఒంగోలులో అయితే ఊరి పొలిమేర దాకా తరిమేవాళ్లు.

నిరుడు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో మా ఆవిడ పెద్దోడి కోసం చదువు రొట్టె పట్టింది. పక్కనే నీళ్లలో నిలబడ్డ చిన్నోడు ఏ రొట్టె పట్టాడో నాకిప్పుడు అర్థమవుతోంది.

2019లో టీవీకి తగిలించే వీల్లేని 'స్విచ్ లైట్' అనే రకం కూడా వదిలారు. అది ఇంకా ఘోరం. తాళం వేసుకుని తృప్తి పడటానికి తొట్టి కూడా ఉండదు.

ఇక మిగిలిన ఆశ కరెంటు కోత ఒక్కటే. మొన్న రాత్రి ఏడున్నరకు పోయింది. ఫ్యాను ఆగింది, సీరియల్ ఆగింది, నాకు ప్రాణం లేచొచ్చింది. చూస్తే చీకట్లో రెండు మొహాలు నీలంగా వెలుగుతున్నాయి. "ఏందిరా ఇది!" అని గొంతు పెంచానో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది:

"అబ్బయా, అది కాస్త ఇటు పట్టరా. పులుసులో మామిడికాయ ముక్కలెయ్యాల."